ఎంజీయా, ట్రయంఫా? ఢిల్లీలో పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కార్ల చరిత్ర

ఢిల్లీలో పరిమితమైన డబ్బుతో పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు కొనాలనుకున్నవారి ముందు ప్రధానంగా నిలిచిన పేర్లు రెండు: ఎంజీ, ట్రయంఫ్. ఎంజీ కార్లు ఆక్స్‌ఫర్డ్ దగ్గరి అబింగ్డన్‌లో తయారయ్యేవి, ట్రయంఫ్‌లు కోవెంట్రీలో. రెండూ ఇద్దరు కూర్చునే చిన్న కార్లు. టాప్ తీసి నడుపుకోవచ్చు. ఇంజన్ చిన్నది, బరువు తక్కువ. జాగ్వార్ లాంటివి మొదటినుంచీ ధనికుల సరుకు కాబట్టి జీతం మీద బతికే ఉద్యోగి, సైనికాధికారి, చిన్న వ్యాపారి ఆశపడగలిగింది ఈ రెంటికే. బ్రిటన్‌లో ఏది మేలన్న చర్చ వేగం, రూపం, ధర చుట్టూ తిరిగేది. ఢిల్లీలో లెక్క వేరు. కొన్న కారు పదేళ్లపాటు నడవాలంటే దాని విడిభాగాలు ఊళ్లోనే దొరకాలి. దిగుమతులు మూసుకుపోయిన రోజుల్లో అవి దొరికేది ఇక్కడే తయారైన మామూలు కార్ల నుంచి మాత్రమే. ఎంజీకి అంబాసిడర్ దగ్గరి బంధువు, ట్రయంఫ్‌కు మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ తోబుట్టువు. ఢిల్లీలో ఈ రెండు కార్ల తలరాతను ఈ చుట్టరికమే నిర్ణయించింది.

1911 దర్బారు నాటికి ఢిల్లీకి మోటారు కార్లు కొత్త కాదు. కానీ ఆ కాలపు కార్లు సంస్థానాధీశులవి, పెద్ద అధికారులవి. రోల్స్ రాయిస్, డైమ్లర్ వంటి భారీ బండ్లు. చిన్న స్పోర్ట్స్ కారు అందరి నోటా పడింది రెండో ప్రపంచయుద్ధం తర్వాతే. ఎంజీ కంపెనీ 1945లో టీసీ మోడల్‌ను విడుదల చేసింది. సన్నని పెద్ద చక్రాలు, పొడుగాటి బానెట్, 1250 సీసీ ఇంజన్. 1949 వరకు సుమారు పది వేల టీసీలు తయారయ్యాయి. దాని తర్వాత టీడీ, 1953లో టీఎఫ్ వచ్చాయి. ఈ టీ వరుస కార్ల బాడీలో రేకు కింద కర్ర చట్రం ఉంటుంది. ఇంగ్లండులో యాష్ కర్రతో చేసిన ఆ చట్రం పుచ్చితే తలుపులు సరిగ్గా పడవు, రేకు వదులవుతుంది. దాన్ని బాగుచెయ్యడం మెకానిక్ కన్నా ముందు వడ్రంగి పని.

టీసీ ఇంజన్‌కు మూలం మోరిస్ టెన్ అనే మామూలు ఇంటి కారు. బి.ఎం. బిర్లా 1942లో స్థాపించిన హిందుస్థాన్ మోటార్స్, స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో ఇదే మోరిస్ టెన్‌ను హిందుస్థాన్ 10 పేరుతో తెచ్చింది. మోరిస్ ఇంజన్ 1140 సీసీ, ఎంజీది 1250. సిలిండర్ వ్యాసం 63.5 మిల్లీమీటర్ల నుంచి 66.5కు పెరిగింది. పిస్టన్ పైకీ కిందకీ తిరిగే దూరం, అంటే స్ట్రోక్, మాత్రం రెంటిలోనూ 90 మిల్లీమీటర్లే. అంటే ఎంజీ వాళ్లు కొత్త ఇంజన్ కనిపెట్టలేదు, ఉన్నదాన్నే పదును పెట్టారు. బ్రిటిష్ స్పోర్ట్స్ కారు చవగ్గా దొరకడానికీ, ఆ తర్వాత ఢిల్లీలో బతికి బట్టకట్టడానికీ అసలు కారణం ఇదే. మామూలు కారు ఎముకల మీద ఉత్సాహాన్ని కప్పి అమ్మడం ఆనాటి బ్రిటిష్ పరిశ్రమ పద్ధతి. దాన్ని లోపమని కొట్టిపారేసినవారు ఉన్నారు గాని, ఈ దేశపు కొనుగోలుదారుకు అది వరం.

స్వాతంత్ర్యం తర్వాత విదేశీ మారకద్రవ్యాన్ని పొదుపు చెయ్యాల్సి వచ్చింది. 1949 నుంచి పూర్తిగా తయారై వచ్చే కార్ల మీద ఆంక్షలు బిగుసుకున్నాయి. 1953లో టారిఫ్ కమిషన్ సిఫార్సుల మేరకు, ఇక్కడే దశలవారీగా తయారీ మొదలుపెట్టే కంపెనీలకే తావు మిగిలింది. కేవలం విడిభాగాలను బిగించి అమ్ముతూ వచ్చిన ఫోర్డ్, జనరల్ మోటార్స్ వెళ్లిపోయాయి. కలకత్తా దగ్గర ఉత్తర్‌పాడాలో హిందుస్థాన్, బొంబాయిలో ప్రీమియర్, మద్రాసులో స్టాండర్డ్ ముఖ్యంగా నిలిచాయి. వీటిలో ఏదీ స్పోర్ట్స్ కారు తయారు చెయ్యలేదు. చట్టబద్ధంగా కొత్త ఎంజీ కొనే దారి సామాన్యుడికి దాదాపు మూసుకుపోయింది.

ఢిల్లీకి మాత్రం ఒక కిటికీ మిగిలింది. రాజధాని కావడంతో ఇక్కడ రాయబార కార్యాలయాలు వెలిశాయి. 1950లలో చాణక్యపురి రూపుదిద్దుకుంది. దౌత్య ఉద్యోగులు సుంకం లేకుండా కారు తెచ్చుకోవచ్చు. పదవీకాలం ముగిసి వెళ్లేటప్పుడు దాన్ని ఇష్టం వచ్చినట్టు అమ్ముకోవడానికి వీల్లేదు. 1956లో ఏర్పడిన స్టేట్ ట్రేడింగ్ కార్పొరేషన్, అందరూ ఎస్‌టీసీ అనేది, ఈ కార్లను తీసుకుని అమ్మే బాధ్యత వహించింది. కొన్ని ప్రభుత్వ సంస్థలకు, పర్యాటక శాఖ అవసరాలకు వెళ్లేవి. మిగిలినవి టెండర్ల ద్వారా ప్రజలకు చేరేవి. కొనేవాడు బండిని చూసుకుని, మనసులో ఒక ధర అనుకుని, కవరులో పెట్టి ఇవ్వాలి. పక్కవాడు ఎంత రాశాడో తెలియదు. విదేశాల్లో ఉండి తిరిగొచ్చిన భారతీయులు నివాస మార్పిడి నిబంధన కింద తెచ్చుకున్న కార్లు రెండో దారి. బొంబాయి, కలకత్తా రేవుల్లో దిగిన కార్లు ఎన్ని ఉన్నా, రాయబారుల ఇళ్ల నుంచి వచ్చిన బండ్ల విషయంలో ఢిల్లీ స్థానం ప్రత్యేకం. ఎంజీఏ, ఎంజీబీ, ట్రయంఫ్ టీఆర్, స్పిట్‌ఫైర్ వంటివి ఈ నగరంలో కొద్ది సంఖ్యలోనైనా కనబడ్డాయంటే ఈ రెండు దారుల పుణ్యమే.

ఇక అసలు ఎంపిక. ఎంజీఏ 1955లో వచ్చింది. టీ వరుసలోని నిలువు రేకుల రూపం పోయి, నున్నగా వంపు తిరిగిన ఒళ్లు వచ్చింది. 1962 వరకు లక్షకు పైగా తయారైతే అందులో ఎక్కువ భాగం అమెరికాకు వెళ్లింది. దీని ఇంజన్ బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ (బీఎంసీ) వారి బీ-సిరీస్, 1489 సీసీ. 1950ల చివర్లో అంబాసిడర్‌లోకి వచ్చిన ఓవర్‌హెడ్ వాల్వ్ ఇంజన్ కూడా ఇదే. సిలిండర్ వ్యాసం రెంటిలోనూ 73.025 మిల్లీమీటర్లు, స్ట్రోక్ 88.9. పిస్టన్, రింగులు, గాస్కెట్లు, బేరింగులు, వాటర్ పంపు వంటి వాటి కోసం ఎంజీఏ యజమాని ఇంగ్లండుకు ఉత్తరం రాయాల్సిన పని తప్పింది. కరెంటు సామాను సంగతీ అంతే. ఎంజీలో ఉన్నది లూకాస్ సరుకు. 1960ల మొదట్లో మద్రాసులో లూకాస్-టీవీఎస్ ఏర్పడి ఆ జాతి డైనమోలు, స్టార్టర్లు, డిస్ట్రిబ్యూటర్లు ఇక్కడే తయారు చేసింది.

తేడా వచ్చేది కార్బ్యురేటర్ దగ్గర. అంబాసిడర్‌కు ఒకటే ఉంటుంది, ఎంజీఏకు ఎస్‌యూ కార్బ్యురేటర్ల జత. రెండూ సమానంగా గాలి పీల్చుకోకపోతే ఇంజన్ నిలకడగా తిరగదు. దానికి పనిముట్టు ఒక రబ్బరు గొట్టం ముక్క చాలు. మిస్త్రీ ఒక కొస చెవి దగ్గర, రెండో కొస కార్బ్యురేటర్ నోటి దగ్గర పెట్టి గాలి చేసే బుస వింటాడు. రెండో దాని దగ్గరా విని, బుస ఒకేలా వచ్చేదాకా స్క్రూ తిప్పుతాడు. అంబాసిడర్ బాగుచెయ్యడంలో ఆరితేరిన మిస్త్రీకి ఎంజీఏ ఇంజన్ కిందిభాగం కంఠతా వచ్చు. పైన ఉన్న ఈ జతను పలికించడమే కొత్తగా నేర్చుకోవాల్సింది. అది వచ్చినవాడికి ఉన్న విలువ వేరు.

1962లో వచ్చిన ఎంజీబీతో చుట్టరికం కొంత పలచబడింది. ఇంజన్ అదే బీ-సిరీస్, స్ట్రోక్ అదే 88.9. కానీ సిలిండర్ వ్యాసం 80.26కు పెరిగి ఇంజన్ 1798 సీసీ అయింది. అంబాసిడర్ పిస్టన్ దీనికి పనికిరాదు. పైగా 1964 చివరి నుంచి క్రాంక్ షాఫ్ట్‌ను మూడు చోట్ల కాక అయిదు చోట్ల పట్టి ఉంచే ఇంజన్ వచ్చింది కాబట్టి ఆ బేరింగులూ కలవవు. అయినా ఇంజన్ నిర్మాణం తెలిసినదే కావడంతో అంబాసిడర్ మిస్త్రీకి ఎంజీబీ పరాయిది కాలేదు.

ట్రయంఫ్ పక్షం బలం ఇంజన్‌లో కంటే అడుగుభాగంలో ఉంది. ఇటలీ డిజైనర్ జొవాన్నీ మికెలొట్టి రూపకల్పన చేసిన ట్రయంఫ్ హెరాల్డ్ 1959లో బ్రిటన్‌లో వచ్చింది. దాని ఛాసిస్‌ను కురచ చేసి, పైన ఇద్దరు కూర్చునే ఒళ్లు తొడిగి 1962లో స్పిట్‌ఫైర్‌ను తెచ్చారు. ఆ ఒళ్లూ మికెలొట్టి గీసిందే. మద్రాసులోని స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ ఆఫ్ ఇండియా 1961 నుంచి హెరాల్డ్‌ను తయారు చేసింది. దక్షిణాదిన, తెలుగునాట ఆ కారు చాలా కుటుంబాలకు సుపరిచితం. ఇంజన్ 948 సీసీ. తొలి స్పిట్‌ఫైర్‌ది 1147. ఇక్కడా స్ట్రోక్ ఒకటే, 76 మిల్లీమీటర్లు. సిలిండర్ వ్యాసమే 63 నుంచి 69.3కు పెరిగింది. పిస్టన్లు కలవకపోయినా ముందు సస్పెన్షన్, స్టీరింగ్ వంటివి ఒకే కుటుంబానివి. బానెట్ మొత్తం ముందుకు వంగి తెరుచుకోవడంతో టైరు మీద కూర్చుని ఇంజన్ పని చేసుకోవచ్చు. ఇంత సులువుగా చెయ్యి పెట్టగలిగే కారు ఆ ధరలో మరొకటి లేదు.

అయితే స్పిట్‌ఫైర్‌కు ఒక సున్నితమైన చోటు ఉంది. ముందు చక్రం పక్కకు తిరగడానికి ఆధారమైన నిలువు కడ్డీ కింది కొస మరలా చెక్కి, ఒక కంచు దిమ్మెలో బిగించి ఉంటుంది. దాని పేరు ట్రనియన్. దానికి గేరు ఆయిల్ పట్టాలి. గ్రీజు పెడితే అది మర లోపలిదాకా చేరదు. తేమ చేరి కడ్డీ తుప్పుపట్టి, ఒకరోజు స్టీరింగ్ తిప్పుతుండగా విరిగి చక్రం కూలబడుతుంది. హెరాల్డ్‌కూ ఇదే ఏర్పాటు. సర్వీసు స్టేషన్లలో అన్ని బండ్లకూ గ్రీజు గన్ ఒకేలా వాడే అలవాటు ఉన్నచోట ఈ చిన్న భేదం ప్రాణాల మీదికి తెచ్చేది. పాత ట్రయంఫ్ చూడబోయినవారు ముందు చక్రాలు జాకీ మీద లేపించి ఈ భాగం చూడకుండా బేరమాడటం తప్పు.

ట్రయంఫ్‌లోనే పెద్ద అక్క టీఆర్ వరుస. 1953 నాటి టీఆర్2లో ఉన్న 1991 సీసీ ఇంజన్, స్టాండర్డ్ వాన్‌గార్డ్ కారులోని 2088 సీసీ ఇంజన్‌కు తమ్ముడు. అదే కుటుంబపు ఇంజన్ ఫెర్గూసన్ ట్రాక్టర్‌లోనూ పనిచేసింది. సిలిండర్లు విడిగా ఊడివచ్చే గొట్టాలు. అరిగితే బ్లాకును లేత్ షాపుకు మోసుకెళ్లి బోరు చేయించనక్కర లేదు, గొట్టం, పిస్టన్ కొత్తవి దించుకుంటే సరిపోతుంది. వాన్‌గార్డ్‌ను మద్రాసులో బిగించారు. 1985లో స్టాండర్డ్ 2000 పేరుతో వచ్చిన ఖరీదైన కారులో కూడా ఈ పాత ఇంజన్ వారసుడినే పెట్టారు. అది విఫలమై 1988లో ఆగిపోయింది. కొత్త ఒంట్లో పాత గుండె పెట్టడం కంపెనీకి నష్టమే అయినా, టీఆర్ యజమానులకు ఒక జాతి ఇంజన్ దేశంలో మరికొన్నాళ్లు నిలిచింది.

ఈ చుట్టరికాలన్నీ కాగితం మీద ఎంత బాగున్నా, వాటిని పనిలో పెట్టింది ఢిల్లీ బజార్లు. దేశవిభజన తర్వాత పశ్చిమ పంజాబు నుంచి వచ్చిన వ్యాపారులతో కశ్మీరీ గేట్ మోటారు విడిభాగాల మార్కెట్‌గా ఎదిగింది. కొత్త సరుకు అక్కడ, పాత సరుకు జామా మసీదు పరిసరాల్లో. 1970లలో మోతియా ఖాన్ నుంచి తరలించిన తుక్కు వ్యాపారంతో మాయాపురి తయారైంది. కరోల్ బాగ్‌లో సీట్లు, టాపులు కుట్టేవాళ్లు, డెంటింగ్ పెయింటింగ్ వాళ్లు. దొరకని భాగాన్ని నమూనా చూసి చేసిపెట్టే చిన్న వర్క్‌షాపులు ఫరీదాబాద్ దాకా ఉన్నాయి. ఢిల్లీ రోడ్ల మీద నల్లని ఒంటికి పసుపు టాపు వేసుకుని తిరిగిన అంబాసిడర్ టాక్సీలు వేల సంఖ్యలో ఉండటం వల్ల ఎంజీకి కావలసిన సరుకు ఈ బజార్లలో ఎప్పుడూ నిల్వ ఉండేది. హెరాల్డ్ సరుకు ఉత్తరాదిన అంత తేలిగ్గా దొరికేది కాదు, మద్రాసు వైపు చూడాల్సి వచ్చేది. ఢిల్లీలో ఎంజీ పైచెయ్యి కావడానికి ఇంతకు మించిన కారణం వెతకనక్కర లేదు. మద్రాసులో అయితే తీర్పు వేరేగా ఉండేదేమో.

వాతావరణం కూడా ఒక పాత్ర పోషించింది. సముద్రపు గాలి తగిలే నగరాల కంటే ఢిల్లీ పొడిగాలిలో రేకు ఎక్కువ కాలం నిలుస్తుంది. ఎంజీబీకి విడిగా ఛాసిస్ లేదు, ఒళ్లే అస్థిపంజరం. తలుపుల కింది గడపల వంటి పెట్టెలు, సిల్స్, లోపల తుప్పుపడితే కారు నడుమే వంగిపోతుంది. తలుపు మూసినప్పుడు సందు పైన సన్నగా, కింద వెడల్పుగా కనిపిస్తే అనుమానించాల్సిందే. స్పిట్‌ఫైర్‌కు ఛాసిస్ వేరు కాబట్టి ఒంటిని విప్పి మరమ్మతు చెయ్యవచ్చు. రేకు విషయంలో ఢిల్లీ దయ చూపినా వేడి విషయంలో చూపలేదు. మే, జూన్ నెలల్లో 45 డిగ్రీలు దాటే ఎండలో, చౌరస్తాల్లో ఆగి ఆగి నడిచే ట్రాఫిక్‌లో, చల్లని దేశానికి చేసిన రేడియేటర్ చేతులెత్తేస్తుంది. రబ్బరు బీటలు వారుతుంది. ఈ కార్లు ఢిల్లీలో హాయిగా నడిచేది అక్టోబరు నుంచి మార్చి దాకానే.

ఆ చలికాలంలోనే ది స్టేట్స్‌మన్ పత్రిక 1964లో ఢిల్లీలో పాత కార్ల ర్యాలీ ప్రారంభించింది. తుక్కు కింద పోవాల్సిన బండ్లను ఆస్తిగా చూడటం నేర్పింది ఆ ర్యాలీయే. ఏటా అందులో జనాన్ని ఆకట్టుకునే వాహనాల్లో ఒకటి తెలుగువారికి సొంతమనదగ్గది. 1914లో ఇంగ్లండులోని సాల్ఫర్డ్‌లో జాన్ మోరిస్ కంపెనీ తయారు చేసిన అగ్నిమాపక యంత్రం అది. హైదరాబాదు నిజాం స్టేట్ రైల్వే కోసం వచ్చి, పని ముగించుకుని, ఇప్పుడు చాణక్యపురిలోని జాతీయ రైలు మ్యూజియంలో ఉంది. 2011లో 21 గన్ సెల్యూట్ ర్యాలీ తోడైంది. 2013లో గురుగ్రామ్ దాటాక తావ్‌డూలో హెరిటేజ్ ట్రాన్స్‌పోర్ట్ మ్యూజియం తెరిచారు. ఈ గౌరవంతో పాటు ధరలూ పెరిగాయి. టీ వరుస ఎంజీలు, ఎంజీఏలు క్రమంగా సామాన్యుడి చెయ్యి దాటిపోయాయి. పరిమిత బడ్జెట్ వాడికి మిగిలినవి ఎంజీబీ, స్పిట్‌ఫైర్. బ్రిటన్‌లో మొదటిది 5 లక్షలకు పైగా, రెండోది 3 లక్షలకు పైగా తయారైనవి.

1983 డిసెంబరులో గుర్‌గావ్ ఫ్యాక్టరీ నుంచి తొలి మారుతి 800 బయటికి రావడంతో బ్రిటిష్ వంశపు కార్ల కాలం ముగియసాగింది. హెరాల్డ్ వంశం అప్పటికే ఆగింది. 1992లో అంబాసిడర్‌కు జపాన్ ఇసుజు ఇంజన్ వచ్చాక పాత పెట్రోలు ఇంజన్ సరుకు తగ్గుతూ వచ్చింది. 2014 మేలో అంబాసిడర్ తయారయ్యే ఉత్తర్‌పాడా ఫ్యాక్టరీ మూతపడింది. ఇంధనమూ మారింది. 1995లో సీసం లేని పెట్రోలు ఢిల్లీకి వచ్చింది, తర్వాత సీసం ఉన్నది పూర్తిగా పోయింది. ప్రజారోగ్యానికి అది ఎంతో మేలు. సీసం మీద ఆధారపడిన పాత వాల్వ్ సీట్లు మాత్రం అరిగాయి, గట్టి సీట్లు వేయించక తప్పలేదు. ఇప్పటి 20 శాతం ఇథనాల్ పెట్రోలు పాత రబ్బరు పైపులను తినేస్తుంది కాబట్టి వాటినీ మార్చుకోవాలి.

ఢిల్లీలో నేటి కొనుగోలుదారును అన్నిటికన్నా ఎక్కువగా కట్టిపడేసేది చట్టం. 15 ఏళ్లు దాటిన వాహనాలు ఢిల్లీ రోడ్ల మీద తిరగరాదని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2014 నవంబరులో ఆదేశించింది. పెట్రోలుకు 15 ఏళ్లు, డీజిలుకు 10 ఏళ్ల పరిమితిని ఎన్‌సీఆర్ అంతటా అమలు చెయ్యాలని 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. గడువు తీరిన బండ్లకు ఇంధనం పొయ్యరాదన్న నిబంధనను 2025 జులైలో మొదలుపెట్టి కొద్దిరోజుల్లోనే నిలిపేశారు. ఇంకోవైపు 2021 జులైలో కేంద్రం వింటేజ్ వాహనాలకు ప్రత్యేక నియమాలు తెచ్చింది. తొలి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజన్‌లలో పెద్ద మార్పు లేకుండా ఉన్న వాహనానికి 'వీఏ' అక్షరాలతో నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, పునరుద్ధరణకు 5,000. గడువు పదేళ్లు. ర్యాలీలు, ప్రదర్శనలు, మరమ్మతులు, ఇంధనం కోసం తప్ప రోజువారీగా తిప్పకూడదు. వీటి మధ్య చిక్కుకున్నవి 15 దాటి 50 నిండని కార్లు. అందుకే 1972 నాటి ఎంజీబీకీ 1979 నాటి స్పిట్‌ఫైర్‌కీ మధ్య తేడా ఇప్పుడు ఇంజన్‌ది కాదు, పుట్టిన సంవత్సరానిది.

ఈ లెక్కలన్నీ చూస్తే పరిమిత బడ్జెట్‌కు ఢిల్లీలో ఎంజీబీయే మేలు. మిస్త్రీకి తెలిసిన ఇంజన్. విడిభాగాలు బ్రిటన్‌లో నేటికీ తయారవుతున్నాయి. 1988 నుంచి దీని ఒళ్లు మొత్తాన్ని కొత్తగా చేసి అమ్ముతున్నారు. సిల్స్ పుచ్చిన ఎంజీబీ, ఛాసిస్ గట్టిగా ఉన్న స్పిట్‌ఫైర్ ఎదురైతే మాత్రం రెండోదాన్నే తీసుకోవాలి. రేకు ఖర్చు ఇంజన్ ఖర్చును మించిపోతుంది. ఆర్‌సీ పుస్తకం, దిగుమతి కాగితాలు, ఛాసిస్ మీది నంబరు మూడూ సరిపోలని బండి ఎంత అందంగా ఉన్నా, ఎంత చవగ్గా వచ్చినా వదులుకోవడమే క్షేమం. అబింగ్డన్‌లో ఆఖరి ఎంజీబీ, ట్రయంఫ్ ఆఖరి స్పిట్‌ఫైర్ రెండూ 1980లోనే తయారయ్యాయి. ఆ ఏడు రిజిస్టరయిన బండ్లు వింటేజ్ నంబరుకు అర్హత పొందేది 2030లో.